కణం నడవలేకపోయిందా, దారి చెడిందా? జీబ్రా చేప పిండంలో తేల్చుకునే పద్ధతి

వెన్నెముక ఉన్న ఏ జీవి పిండంలోనూ కణాలన్నీ పుట్టిన చోటే ఉండిపోవు. గుండె కట్టే కణాలు ఎడమా కుడీ రెండు పక్కల పుట్టి నడిమికి వస్తాయి. రేపు అండాలో వీర్యకణాలో కావలసిన బీజకణాలు ఎక్కడో దూరంగా పుట్టి బీజకోశం ఏర్పడే చోటికి వెళ్తాయి. పేగును కదిలించే నరాలకు మూలమైన కణాలు మెడ ప్రాంతంలో బయల్దేరి పేగు చివరంటా పోతాయి. "ఈ జన్యువు చెడితే ఆ కణాలు చేరలేదు" అని పుస్తకాల్లో ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ ముక్క రాసే హక్కు మనకు ఎప్పుడు వస్తుందన్నది నాకు చాలా ముఖ్యం. కణానికే నడిచే శక్తి పోయిందా, లేక కణం బాగానే ఉండి దారి చెడిందా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చూసే పద్ధతి ఉంది, ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు.

నేను హైదరాబాద్‌లో ఒక జీబ్రాఫిష్ ల్యాబులో పని చేస్తాను. ఎండాకాలం సెలవుల్లో డిగ్రీ, పీజీ పిల్లలు ట్రైనింగుకి వస్తారు. వాళ్ల చేత చేయించే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. మొదటి సగానికి ఒక స్టీరియో మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు ఉంటే చాలు, ఏ కాలేజీలోనైనా చేయొచ్చు. రెండో సగానికి మ్యుటెంట్ చేపలు (ఏదో ఒక జన్యువు చెడినవి), గాజు సూదులు లాగే యంత్రం, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కావాలి. మీ సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి.

ఈ చేప మన దేశపు నీళ్లలోదే. గంగా పరీవాహక ప్రాంతపు చేపల గురించి రాస్తూ 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. దీన్ని జన్యుశాస్త్రానికి తెచ్చినవాడు అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్, ఆయన ముఖ్యమైన వ్యాసం 1981లో వచ్చింది. ఆ తర్వాత జర్మనీలో ట్యూబింగెన్, అమెరికాలో బోస్టన్ బృందాలు వేల మ్యుటెంట్లను జల్లెడ పట్టి, 1996 డిసెంబరులో ఫలితాలన్నీ ఒకేసారి అచ్చువేశాయి. చేప పిండంలో కణాల కదలిక గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అలాంటి మ్యుటెంట్ల నుంచే వచ్చింది.

ముందు మామూలు పిండం

సాయంత్రం ఒక మగ, ఒక ఆడ చేపను జాలీ అడుగున్న పెట్టెలో, మధ్యలో అడ్డు పెట్టి ఉంచండి. పొట్ట ఉబ్బి వెండి రంగులో ఉన్నది ఆడది, సన్నగా పసుపు జీర ఉన్నది మగది. వాటికి రోజూ 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి అలవాటై ఉండాలి. పొద్దున లైటు వెలగగానే అడ్డు తీస్తే కాసేపట్లో గుడ్లు పెడతాయి. జాలీ లేకపోతే తల్లిదండ్రులే తినేస్తాయి. గుడ్లను టీ వడపోసే జాలీలో పట్టి, కడిగి, ఈ3 ద్రావణంలో వేయండి. అందులో సోడియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ 0.17, కాల్షియం క్లోరైడ్ 0.33, మెగ్నీషియం సల్ఫేట్ 0.33 ఉంటాయి. బూజు రాకుండా మిథిలీన్ బ్లూ చుక్క వేస్తాం. కొళాయి నీళ్లు వాడకండి, క్లోరిన్ ఉంటుంది. తెల్లబడిన గుడ్లను అదే రోజు తీసేయాలి, లేకపోతే పక్కవాటినీ పాడు చేస్తాయి.

ఉష్ణోగ్రత దగ్గర మాత్రం పట్టుదలగా ఉండండి. పుస్తకాల్లోని గంటలన్నీ 28.5 డిగ్రీల సెల్సియస్‌కి లెక్క. ఆ వేడిలో 10 గంటలకు వచ్చే దశ 25 డిగ్రీల్లో దాదాపు పన్నెండున్నర గంటలకు వస్తుంది, 33 డిగ్రీల్లో 8 గంటలకే వచ్చేస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి ఇంక్యుబేటరు ఆగిందంటే మీ గడియారం అబద్ధం చెబుతున్నట్టే. అందుకే నేను పిల్లల నోటుబుక్కులో గంటలు ఒక్కటే ఒప్పుకోను. పక్కనే పిండం దశ కూడా రాయాలి: ఎపిబొలీ (కణాలు సొనను కప్పడం) ఎంత శాతం, సోమైట్లు (వీపు పొడవునా వరసగా ఏర్పడే కణాల దిమ్మెలు) ఎన్ని.

మామూలు పిండాన్ని కనీసం ఒక్కసారైనా పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని చూసి, పెన్సిలుతో గీయండి. ఫొటో తీస్తే సరిపోదు. గీస్తేనే కన్ను ఆగుతుంది. మొదటి కణం ముప్పావు గంటకు రెండవుతుంది, తర్వాత పావుగంటకోసారి విభజన. 3 గంటలకు సుమారు వెయ్యి కణాలు సొన పైన గుట్టగా ఉంటాయి. అప్పటిదాకా పని నడిపేది తల్లి గుడ్డులో పెట్టిన ఆర్‌ఎన్‌ఏ (జన్యువు ఆదేశాన్ని మోసే నకలు), ఆ సమయానికి పిండం సొంత జన్యువులు పని మొదలుపెడతాయి. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

నాలుగున్నర గంటల దగ్గర్నుంచి కణాల గుట్ట పలచబడి సొనను కప్పుకుంటూ కిందికి దిగుతుంది. ఇదే ఎపిబొలీ. సొన సగం కప్పుకునేసరికి అంచున ఉన్న కణాలు లోపలికి మడతపడి దూరతాయి. 6 గంటలకు ఒకవైపు అంచు మందంగా ఉబ్బుతుంది, దాన్ని షీల్డ్ అంటాం, అటువైపే వీపు వస్తుంది. అక్కడినుంచి పక్కలనున్న కణాలు వీపు గీత వైపు జరిగి, ఒకదాని మధ్యలో ఒకటి దూరి, పిండాన్ని సన్నగా, పొడవుగా చేస్తాయి. రోడ్డంతా పరుచుకున్న జాతర జనం ఇరుకు సందులోకి మళ్లితే వరస ఎలా పొడవు సాగుతుందో అలాగే. 10 గంటలకు సొన మొత్తం మూసుకుని తోక మొగ్గ కనిపిస్తుంది. ఆపైన అరగంటకో సోమైటు. 24 గంటలకు తల, కళ్లు, తోక, కొట్టుకునే గుండె.

గుడ్డు పైపొర తీయడం ఒక్కటి చేతికి రావాలి. గుడ్డు లోపలి పిండం 0.7 మిల్లీమీటర్లు. నంబర్ 5 ఫోర్సెప్స్ (సన్నకొన పట్టకార్లు) రెండు తీసుకోండి. ఒకదానితో పొరను చిటికెనంత పట్టి పైకి లేపండి. పొర లేచిన చోట, పిండానికి దూరంగా, రెండో ఫోర్సెప్స్‌తో పక్కనే పట్టి రెండు చేతులూ ఎడంగా జరపండి. పొర చీలుతుంది. చీలిక కిందికి వచ్చేలా గుడ్డును తిప్పితే పిండం తన బరువుకు తానే జారి బయటపడుతుంది, దాన్ని పట్టి లాగొద్దు. డిష్ అడుగున ముందే 1 శాతం అగరోజు (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) పోసి ఉంచాలి, ప్లాస్టిక్‌కి తగిలితే సొన అంటుకుని పగిలిపోతుంది. నీటి పైమట్టానికి తగిలినా అంతే. పిపెట్‌లో పీల్చినప్పుడు గాలి బుడగ రాకూడదు.

ఆలస్యమా, ఆగిపోవడమా

ఇప్పుడు మీరు చూడాలనుకున్న జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకటి చెడిన తల్లినీ, అలాంటి తండ్రినీ కలిపి గుడ్లు తీసుకోండి. నాలుగో వంతు పిల్లలకు రెండు కాపీలూ చెడి ఉంటాయి, అవే మ్యుటెంట్లు. 80 పిండాల్లో 20 రావాలి. 12 నుంచి 28 మధ్య ఎంత వచ్చినా అది మామూలు ఊగిసలాటే, టెన్షన్ పడకండి. 20 పిండాలే లెక్కబెట్టి "ఎనిమిది వచ్చాయి, లెక్క తప్పింది" అని వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, ఇంకా లెక్కబెట్టు.

పొట్టిగా కనిపించిన ప్రతి పిండంలోనూ కణాల కదలిక చెడిందనుకోకూడదు. కొన్ని కేవలం వెనకబడ్డవి. సోమైట్లు లెక్కబెడితే తేలిపోతుంది. అన్నదమ్ముల్లాంటి పక్క పిండాలకు 12 ఉండి దీనికీ 12 ఉండి, ఒళ్లు మాత్రం పొట్టిగా వెడల్పుగా ఉంటే అప్పుడు అనుమానించాలి. తర్వాత ఏ కదలిక చెడిందో చూడాలి. సొన మూసుకోకుండా ఆగిపోతే ఎపిబొలీ తేడా. సొన సకాలంలో మూసుకుని, ఒళ్లు మాత్రం పొడవు సాగకపోతే పక్కల నుంచి నడిమికి రావడంలో తేడా.

ట్రైలోబైట్ అనే మ్యుటెంటు ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ. దానిలో చెడింది వాంగ్ల్2 జన్యువు. పిండాన్ని 10 గంటలప్పుడు పక్కకు పడుకోబెట్టి, సొన మధ్య నుంచి తల కొనకు ఒక గీత, తోక మొగ్గకు ఒక గీత గీసి, తలకూ తోకకూ మధ్య ఖాళీ కోణం కొలవండి. మామూలు వాటికంటే ట్రైలోబైట్‌లో ఆ ఖాళీ ఎక్కువ. సోమైట్లు పక్కలకు సాగి ఉంటాయి. నిపెక్, సిల్బర్‌బ్లిక్ మ్యుటెంట్లు కూడా ఇదే కుటుంబం. నిపెక్‌లో గ్లైపికాన్ జన్యువు, సిల్బర్‌బ్లిక్‌లో ఉంట్11 జన్యువు చెడ్డాయి. ఇవన్నీ కణానికి అటూ ఇటూ ఏ వైపు ఏదో తెలిపే సంకేత వ్యవస్థలో భాగాలు. ఎలుకలో వాంగ్ల్2 చెడితే వెన్నుపాము గొట్టం మూసుకోదు, అంటే ఇది చేపకే పరిమితమైన సంగతి కాదు.

తల్లి చెడని కాపీ నుంచి గుడ్డులో పెట్టిన ఆర్‌ఎన్‌ఏ పిండానికి కొంతసేపు సాయం చేస్తుందని మర్చిపోకండి. "జన్యువు చెడినా మొదటి కదలికలు బాగానే ఉన్నాయి, కాబట్టి అక్కడ దానికి పని లేదు" అనడానికి ముందు, తల్లి కూడా ఆ జన్యువు లేనిదైతే ఏమవుతుందో చూడాలి.

రెండు గుండెల పిండం

నాకు అన్నింటికన్నా ఇష్టమైన మ్యుటెంటు మైల్స్ అపార్ట్. 24 గంటలు దాటాక దీన్ని మైక్రోస్కోపు కింద చూస్తే నడిమిన ఉండాల్సిన గుండె ఉండదు. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి, రెండు చిన్న గుండెలు దేనికదే కొట్టుకుంటూ ఉంటాయి. తోక చివర నీటి పొక్కులుంటాయి. మొదటిసారి చూసిన పిల్లలు చాలాసేపు కళ్లు తీయరు. నాకూ ఇప్పటికీ అంతే.

ఇక్కడ వేయాల్సిన మొదటి ప్రశ్న: గుండె కణాలు ఉన్నాయా? ఉన్నాయి, కొట్టుకుంటున్నాయి కాబట్టి. కొట్టుకోవడం మొదలవక ముందు దశలో చూడాలంటే గుండె కణాల్లో పనిచేసే మైల్7 జన్యువుకి ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ (ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఉన్న చోట రంగు వచ్చేలా చేసే పద్ధతి) చేస్తే గుండె కణాలు ఊదారంగులో కనిపిస్తాయి. మామూలు పిండంలో 20 సోమైట్ల దశ నాటికి రెండు మచ్చలూ నడిమిన కలుస్తాయి. మైల్స్ అపార్ట్‌లో రెండు పక్కలే ఉండిపోతాయి.

రెండో ప్రశ్న: చుట్టుపక్కల పొరలు ఉన్నాయా? కాసనోవా అనే మ్యుటెంట్‌లోనూ రెండు గుండెలే. కానీ అందులో సాక్స్32 జన్యువు చెడి, గుండె కణాలకు కింద ఉండాల్సిన ఎండోడెర్మ్ (పేగుకు మూలమైన లోపలి పొర) ఏర్పడనే ఏర్పడదు. నడవడానికి నేలే లేనట్టు. కణం రకమే మారిపోయినా, అసలు పుట్టకపోయినా దాన్ని కదలిక లోపం అని రాయకూడదు. అందుకని ఎండోడెర్మ్‌కి ఒక మార్కరు (ఆ కణాలను గుర్తుపట్టించే జన్యువు), గుండెకి ఒక మార్కరు, రెండూ పెట్టి చూసుకోండి.

ఈ రెండూ దాటాక అసలు ప్రశ్న వస్తుంది. మైల్స్ అపార్ట్‌లో చెడింది స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనే కొవ్వు సంకేతాన్ని అందుకునే రిసెప్టరు. రిసెప్టరు కదా, నడిచే కణం మీదే ఉండి దారి చూపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. తేల్చడానికి కణాల మార్పిడి చేయాలి, అంటే ఒక పిండం (దాత) కణాలను ఇంకో పిండం (గ్రహీత)లో పెట్టాలి.

మార్పిడి ఎలా చేయాలి

దాత పిండానికి ఒక్క కణం దశలోనే ఫ్లోరెసెంట్ డెక్‌స్ట్రాన్ (వెలిగే రంగు) సూదితో ఎక్కించండి. అది కణాలన్నిటికీ పంచుకుని ఎర్రగా వెలుగుతుంది, పక్క కణాల్లోకి కారదు. గ్రహీతకు రంగు వేయరు. మూడున్నర నుంచి 4 గంటల మధ్య, కణాలింకా గుట్టగా ఉన్నప్పుడు, రెంటినీ పొర తీసి అగరోజులో గుంటలు చేసిన డిష్‌లో జతగా పెట్టండి. ద్రావణంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలపాలి. సన్నని, కొన వాలుగా అరగదీసిన గాజు సూదితో దాత నుంచి పది ఇరవై కణాలు మెల్లగా పీల్చండి. సొన లోపలికి వచ్చిందా, ఆ జత పనికిరాదు. గ్రహీతలో సొన అంచు దగ్గర వదలండి, గుండె కణాలు వచ్చేది అంచు పక్క భాగం నుంచే. ఆ దశలో వీపు ఏ వైపో తెలియదు కాబట్టి కొన్నింటిలోనే కణాలు గుండెలో పడతాయి. అందుకని జతలు ఎక్కువ చేయాల్సిందే.

ఇక్కడ చాలామంది జారిపోయేది ఒక చోట. 4 గంటలప్పుడు ఏ పిండం మ్యుటెంటో కంటికి తెలియదు. కాబట్టి దాతను పారేయకూడదు. కణాలు ఇచ్చిన దాతను 96 గుంటల ప్లేటులో, గ్రహీతను మరో ప్లేటులో అదే నంబరు గుంటలో ఉంచి పెంచండి. మర్నాడు దాతకు ఒకే గుండె ఉందా, రెండు గుండెలున్నాయా అన్నది చూస్తే, ఇచ్చిన కణాలు ఏ రకమో తెలుస్తుంది. నంబరు రాయడం ఆపి "గుర్తుంటుందిలే" అనుకుంటే ఆ రోజు పనంతా పోయినట్టే.

మూడు కలయికలు చేయండి: మామూలు కణాలు మామూలు పిండంలో, మామూలు కణాలు మ్యుటెంట్ పిండంలో, మ్యుటెంట్ కణాలు మామూలు పిండంలో. 2000లో మైల్స్ అపార్ట్ మీద అచ్చయిన పరిశోధనలో మ్యుటెంట్ గుండె కణాలు మామూలు పిండంలో పెడితే నడిమికి నడిచి వచ్చాయి. మామూలు కణాలను మ్యుటెంట్ పిండంలో పెడితే పక్కనే ఆగిపోయాయి. అంటే నడిచే కణంలో లోపం లేదు. ఆ రిసెప్టరు పని చేయాల్సింది చుట్టూ ఉన్న చోటులో. 2008, 2009ల్లో వచ్చిన పనులు ఇంకో ముక్క కలిపాయి: అదే సంకేతాన్ని బయటికి పంపే ఎస్‌పీఎన్‌ఎస్2 అనే రవాణా ప్రొటీను లేకపోయినా రెండు గుండెలే వస్తాయి, దాని పని సొనను అంటి ఉన్న పొరలో జరుగుతుంది.

ఒక జాగ్రత్త. మామూలు కణాల గుంపులో రెండు మూడు మ్యుటెంట్ కణాలు పడితే, పక్కవి తోసుకెళ్లడం వల్ల కూడా అవి చేరొచ్చు. చేరిందా లేదా అన్నదొక్కటే చూసి ఊరుకోకుండా, ఎలా చేరిందో వీడియో తీసి చూడాలి.

వేగం వేరు, దిక్కు వేరు

వీడియోకి పిండాన్ని 0.5 నుంచి 1 శాతం లో-మెల్టింగ్ (తక్కువ వేడికే కరిగే) అగరోజులో పడుకోబెట్టండి. ప్రతి కణానికీ రెండు కొలతలు తీయాలి: మొత్తం నడిచిన దూరం, మొదలైన చోటి నుంచి చివరి చోటికి సూటి దూరం. మొదటిదాన్ని సమయంతో భాగిస్తే వేగం. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే సూటితనం. ఫొటోల మధ్య వ్యవధి మామూలు పిండానికీ మ్యుటెంట్‌కీ ఒకటే ఉండాలి. వ్యవధి పెరిగితే వంకర దారి కూడా సూటిగా కనిపిస్తుంది. వీడియో అయ్యాక ఆ పిండం 24 గంటల వరకు సరిగ్గా పెరిగిందో లేదో చూడండి, లేజరుకి దెబ్బతిన్న పిండం లెక్కలోకి రాదు.

ఈ కొలతల విలువ ఒడిస్సియస్ మ్యుటెంట్‌లో తెలుస్తుంది. చేప పిండంలో బీజకణాలు నాలుగు చోట్ల గుంపులుగా పుట్టి, మొదటి రోజులో బీజకోశం వచ్చే చోటికి చేరతాయి. దారి పొడవునా సీఎక్స్‌సీఎల్12ఏ అనే ప్రొటీను వాటిని పిలుస్తుంది, బీజకణం మీది సీఎక్స్‌సీఆర్4బీ రిసెప్టరు ఆ పిలుపు అందుకుంటుంది. ఒడిస్సియస్‌లో చెడింది ఆ రిసెప్టరే. బీజకణాలు కదులుతూనే ఉంటాయి, దిక్కు మాత్రం తెలియక ఎక్కడెక్కడికో చేరతాయి. మార్పిడి చేస్తే లోపం ఆ కణంలోనే ఉందని తేలుతుంది. ఒడిస్సియస్‌లోనూ మైల్స్ అపార్ట్‌లోనూ చెడినవి రిసెప్టర్లే, మొదటిది నడిచే కణంలో కావాలి, రెండోది దారిలో కావాలి. పేరు చూసి ఊహించడం కుదరదు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మా అక్క కొడుక్కి పుట్టాక రెండు రోజులు దాటినా మలం పోలేదు, పొట్ట ఉబ్బింది. పేగు చివరి భాగంలో నరాల కణాలు లేవని బయాప్సీలో తేలింది. హిర్ష్‌ప్రంగ్ జబ్బు, సుమారు 5000 పుట్టుకల్లో ఒకరికి వస్తుంది. ఆ భాగం తీసేసి పేగు కలిపారు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే లోపం ఆర్‌ఈటీ జన్యువులో, అది నడిచే కణం మీది రిసెప్టరు. దాన్ని పిలిచే జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీను పేగు గోడలో తయారవుతుంది. అలాగే ఎండోథెలిన్-3 అనే ఇంకో సంకేతం పేగులో తయారైతే, దాన్ని అందుకునే రిసెప్టరు నడిచే కణం మీద ఉంటుంది. అంటే నడిచే కణంలో లోపమున్నా దారిలో లోపమున్నా పసివాడి పొట్ట ఒకేలా ఉబ్బుతుంది. మన ప్రశ్న చేప దగ్గర ఆగదని మా పిల్లాడిని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఫలితం రాసే ముందు

మ్యుటెంట్ చేప లేదని మార్ఫోలినో (జన్యువు ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని దాని పని ఆపే కృత్రిమ అణువు) ఎక్కించి పని కానిచ్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. 2015లో చాలా జన్యువులకు మార్ఫోలినో ఫలితాన్నీ మ్యుటెంట్ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ వాటిల్లో అవి కలవలేదు. మార్ఫోలినో విషప్రభావానికి కణాలు చచ్చిపోయి, పిండం వెనకబడి, అది కదలిక లోపంలా కనిపించగలదు. క్రిస్పర్‌తో (జన్యువును కోరిన చోట కత్తిరించే పద్ధతి) మ్యుటెంటు చేసుకోవడం ఇప్పుడు ఏ ల్యాబుకైనా అందుబాటులోకి వచ్చింది, అదే చేయండి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. జన్యువు పోయినప్పుడు దాని బంధువు జన్యువు ఎక్కువ పని చేసి లోపాన్ని కప్పేయొచ్చు, అదే ఏడాది అది కూడా చూపించారు. కాబట్టి మ్యుటెంట్‌లో ఏమీ కనిపించకపోతే దగ్గరి జన్యువుల ఆర్‌ఎన్‌ఏ స్థాయి కొలవండి. లోపం కనిపిస్తే, మంచి జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి అది సర్దుకుంటుందో లేదో చూడండి. మోతాదు ఎక్కువైనా కదలికలు చెడతాయి, కాబట్టి కనీసం మూడు మోతాదులు పెట్టండి.

లెక్కబెట్టేవాళ్లకు ఏ డిష్ ఏదో తెలియకూడదు. మా ల్యాబులో ఒకరు డిష్‌లకు అంకెలు రాసి చీటీ దాస్తారు, ఇంకొకరు లెక్కబెడతారు, చీటీ సాయంత్రం తీస్తాం. పట్టికలో ఒక్కో జతకు ఒక్కో వరస: దాత రకం, గ్రహీత రకం, పెట్టిన కణాలు, గుండెలో పడ్డవి, నడిమికి చేరినవి, సోమైట్ దశ, ఇంక్యుబేటరు ఉష్ణోగ్రత. దాత చనిపోయి రకం తేలని జతలను ఏ వైపూ కలపకుండా విడిగా రాయండి.